చికాగో చలిలో నారు: కొత్తవారి ప్రశ్న, పాతకాపుల జవాబులు

కొత్తగా వచ్చినవారు: అందరికీ నమస్కారం. చికాగో పక్కన నేపర్‌విల్‌లో అద్దెకు దిగాం. పెరట్లో ముందున్నవాళ్లు వదిలేసిన 6×8 అడుగుల పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్ షీట్ల) గ్రీన్‌హౌస్ ఉంది. మార్చి రెండో వారం కదా, మిరప, వంగ, టమాటా, బీర, గోంగూర, బంతి నారు ఇప్పుడే పోయొచ్చా? మట్టి ఏది వాడాలి?

షాంబర్గ్ బాబాయ్: మట్టి సంగతి తర్వాత. ఆ గ్రీన్‌హౌస్ ఎవరిదో ఓనరు చేత ముందు ఈమెయిల్‌లో రాయించుకోండి. మాకు తెలిసిన ఒక కుటుంబానికి అచ్చం ఇలాగే ఒకటి వారసత్వంగా దక్కింది. కాలనీ అసోసియేషన్ నుంచి "అనుమతి లేని కట్టడం, తీసేయండి" అని నోటీసొచ్చింది. ఓనరును అడిగితే "నోటితో సరే అన్నానేమో, కాగితం ఏది?" అన్నాడట. విప్పేశాక కింద పరిచిన ఇటుకలు, చచ్చిన గడ్డి లెక్కేసి డిపాజిట్‌లో కోశాడు. ఇల్లు తీసుకున్న రోజు ఫొటోలుంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఈ రాత్రే నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీసి ఓనరుకు పంపండి.

బంతితోట: బాబాయ్ గారు, వారడిగింది నారు గురించండీ.

ఇక్కడ మే 15 దాకా మంచు భయం ఉంటుంది, అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మిరప, వంగ నాటడానికి 8–10 వారాల నారు కావాలి, రాత్రుళ్లు 55 డిగ్రీలు (అన్నీ ఫారన్‌హీటే) దాటాకే బయట పెడతాం కాబట్టి ఈ వారమే పోయండి. టమాటా, బంతి 6–8 వారాలు, మార్చి చివర చాలు. బీర 3–4 వారాలే. తొందరపడి ముందే పోస్తే తీగలు ట్రేలోనే పెనవేసుకుంటాయి, వేరు కదిలితే అలుగుతుంది కూడా. దాన్ని ఏప్రిల్ 20 తర్వాత విడి కప్పుల్లో రెండేసి గింజలు పెట్టండి.

పెరటి మట్టి ట్రేల్లోకి వద్దు, గట్టిపడి గాలి ఆడదు. విత్తనాలకని అమ్మే పీట్ (కుళ్లిన నాచు పొడి), పెర్లైట్, వర్మిక్యులైట్ (తేలికైన ఖనిజపు పలుకులు) మిశ్రమం తెచ్చి గోరువెచ్చని నీళ్లతో ముందే కలపండి. పొడి పీట్ మీద చల్లనీళ్లు పోస్తే జారిపోతాయి. పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కాదు. మిరప, వంగ గింజ పావు అంగుళం లోతు. ట్రే కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పలచటి పట్టా) పెట్టి, మట్టిలో 80–85 ఉంచితే మిరప 7–14 రోజుల్లో లేస్తుంది. 60లో పెడితే వారాల తరబడి చూడాల్సిందే.

మొలకలు మట్టికి ఆనిన చోట సన్నబడి వాలిపోతే అది నారుకుళ్లు. చల్లటి తడి, గాలి లేకపోవడం, కడగని పాత ట్రేలు, ఇవీ కారణాలు. పాతవాటిని ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్లు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి కడగండి. మొలిచాక ట్రే మీది ప్లాస్టిక్ మూత తీసేసి, నీళ్లు అడుగు ట్రేలోనే పోసి, అరగంటకు మిగిలినవి పారబోయండి.

ఆరోరా అన్న: అసలు సమస్య రాత్రి. హీటరు లేని గ్రీన్‌హౌస్‌లో తెల్లవారుజామున బయటికంటే నాలుగైదు డిగ్రీలే ఎక్కువ. 6×8కి గోడలు, కప్పు కలిపి సుమారు 230 చదరపు అడుగులు. రెండు పొరల షీటు అయినా బయట 30, లోపల 60 ఉండాలంటే 1400 వాట్లు పోతాయి. 1500 వాట్ల హీటరు 12.5 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల లైన్ మీద రాత్రంతా నడపకూడదు, 20 ఆంపియర్ల విడి లైన్ కావాలి. ఇంట్లో వాడే సన్న ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కి కాలుతుంది.

బంతితోట: అంత కరెంటు తగలెయ్యడం ఎందుకన్నా? ఇంట్లో మొలిపించి, ఎల్ఈడీ లైట్ కింద రోజుకు 14–16 గంటలు పెంచి, ఏప్రిల్ నడిమి నుంచి పగటిపూట గ్రీన్‌హౌస్‌లో పెట్టి, రాత్రికి ఇంట్లోకి తెస్తే సరి.

ఆరోరా అన్న: ఇంట్లో నారు సన్నగా సాగుతుందమ్మా.

బంతితోట: లైట్ దూరంగా ఉంటే సాగుతుంది. దగ్గరగా దించి, చిన్న ఫ్యాన్ పెడితే కాండం గట్టిపడుతుంది. పోనీ, గ్యాస్ హీటరు మాత్రం వద్దు. పొగ బయటికి పోయే గొట్టం లేకపోతే సరిగా కాలని గ్యాస్‌లోంచి వచ్చే ఇథిలీన్‌కే టమాటా ఆకులు ముడుచుకుంటాయి. మనుషులకూ ప్రమాదమే.

గోంగూర అత్త: చలి గురించే కొట్టుకుంటున్నారు, పగలు ఉడికిపోవడం ఎవరికీ పట్టలేదు! బయట 45 ఉన్నా ఎండ కాస్తే మధ్యాహ్నానికి లోపల వంద దాటుతుంది. ఆఫీసుకెళ్లొచ్చేసరికి నారు వేపుడే. కప్పు కిటికీకి మైనం గొట్టంతో పనిచేసే ఆటోమేటిక్ ఓపెనర్ బిగించండి. మైనం వేడికి ఉబ్బి తలుపు తోస్తుంది, కరెంటు అక్కర్లేదు. 75 దగ్గర తెరుచుకునేలా తిప్పి పెట్టుకోండి.

గోంగూర గింజలు రాత్రంతా నానబెట్టి ఏప్రిల్ మూడో వారంలో కప్పుల్లో పెట్టండి. ఆకుకు ఢోకా లేదు. పగలు కురచైతే గానీ పూయదు కాబట్టి గింజ కట్టేలోపే ఇక్కడ మంచు పడుతుంది, ఏటా విత్తనం కొనాల్సిందే.

షాంబర్గ్ బాబాయ్: కొనడమెందుకు, ఊరి నుంచి తెప్పిస్తే పోలా?

గోంగూర అత్త: అలా చెప్పకండి అన్నయ్యగారూ. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవని ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే పత్రం) గానీ, ముందే తీసుకున్న పర్మిట్ గానీ లేని విత్తనాలను ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. ఫారంలో రాయకుండా దాస్తే జరిమానా కూడా. ఇక్కడే మన కూరల విత్తనాలు దొరుకుతున్నాయి.

కొత్తగా వచ్చినవారు: ఓనరుకు మెయిల్ పెట్టాను. నారు బయటికి ఎప్పుడు, ఎలా తేవాలి?

బంతితోట: నాటడానికి పది రోజుల ముందు నుంచి. తొలిరోజు నీడలో గంట, ఆపైన రోజుకో గంట పెంచుతూ ఉదయపు ఎండకు తేవాలి. గాలి విసురుగా ఉన్నరోజు మానేయండి. ఆకులు తెల్లబారితే ఎండ ఎక్కువైనట్టు, ఒకడుగు వెనక్కి. బంతికి మూడు నాలుగు జతల ఆకులొచ్చాక కొన తుంచండి, పక్కకొమ్మలు వేస్తుంది.

షాంబర్గ్ బాబాయ్: ఓనరు జవాబిస్తే ప్రింటు తీసి పెట్టుకోండి.