అప్‌డేట్: మంచినీటి శాస్త్రం డిగ్రీలో చేరాను

బయాలజీ తప్ప వేరేదేదీ పెద్దగా ఇష్టంలేని నేను మంచినీటి, జలచర శాస్త్రం డిగ్రీలో నెగ్గుకురాగలనా అని అప్పట్లో అడిగాను. చేరిపోయాను, మొదటి సంవత్సరం అయిపోయింది. కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ తప్పవని చెప్పినవాళ్ల మాటే నిజం. స్టాటిస్టిక్స్ పరీక్షంటే ఇప్పటికీ టెన్షనే.

కెమిస్ట్రీ మాత్రం తెగ నచ్చేసింది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి 1888 నాటిది, మాతో ఇప్పటికీ చేయిస్తున్నారు. గాలిబుడగ లేకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేట్, క్షారం కలిపిన అయోడైడ్ వేయాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. సరస్సు పైనీటి సీసా, అడుగునీటి సీసా పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలిసిపోతుంది. ఎండాకాలంలో వెచ్చటి నీరు తేలికై పైనే నిలిచిపోతుంది. చల్లటి అడుగునీటితో కలవదు. కింద ఉన్న కాస్త ఆక్సిజన్‌ను బ్యాక్టీరియా వాడేస్తుంది. పాఠంలో ఎన్నిసార్లు చదివినా ఆ రెండు సీసాలు చూశాకే నాకు బుర్రకెక్కింది.

ఫీల్డ్ వర్క్‌లో ఎక్కువ సమయం పురుగులకే పోతుంది, ఏ పురుగులున్నాయో చూస్తే నీళ్లు ఎలా ఉన్నాయో తెలుస్తుంది కాబట్టి. రాళ్ల కింద ఉండే మేఫ్లై అనే కీటకం పిల్లల్లో చాలా రకాలు కాలుష్యాన్ని తట్టుకోలేవు. ఎర్రటి కైరోనమిడ్ పురుగులకు (దోమలా ఉండే, కుట్టని కీటకాల పిల్లలు) హీమోగ్లోబిన్ ఉంటుంది, ఆక్సిజన్ తక్కువగా ఉన్న బురదలోనూ బతికేస్తాయి. చేపల కోసమే ఈ కోర్సు తీసుకుందామనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోండి, మైక్రోస్కోప్ ముందు గంటలకొద్దీ కూర్చోవాలి.

వచ్చే ఏడాది నదుల పేపర్ తీసుకుంటున్నాను. అప్పుడు ఓపిగ్గా జవాబులు రాసినవాళ్లందరికీ థ్యాంక్స్.