భారతి పాత సంచికలో వ్యాసం ఎంత వెతికినా దొరకడం లేదు, దయచేసి సాయం చేయండి

చుక్కలముగ్గు:
నిన్న సాయంత్రం కూర్చున్నదాన్ని, తెల్లవారింది. నాకు కావలసింది ఒకే ఒక్క వ్యాసం. దాని శీర్షికను అక్షరం తప్పు లేకుండా టైపు చేస్తున్నాను, ఫలితాలు లేవంటోంది. రచయిత పేరు కొడితే ఎవరెవరివో హరికథల రికార్డులు వస్తున్నాయి. సంవత్సరం పెడితే ఆ వచ్చేవి కూడా మాయం. డిజిటల్ లైబ్రరీలో లక్షల పుస్తకాలు ఉన్నాయని అందరూ చెబుతారు. ఉంటే నాకెందుకు కనబడవు? సోమవారం మా గైడుగారికి అధ్యాయం అప్పగించాలి. వెతకడం తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. గూగుల్‌లో చూడమని మాత్రం చెప్పకండి, చూశాను.

కార్డుపెట్టె:
ఏ లైబ్రరీ? ఏ లిపిలో కొట్టారు? ఏ సంవత్సరం?

చుక్కలముగ్గు:
ఏ లైబ్రరీ ఏమిటండీ, డిజిటల్ లైబ్రరీయే. పత్రిక పేరు భారతి. జానపద కళల మీద వ్యాసం. తెలుగు వ్యాసాన్ని తెలుగులో కాక ఇంకెందులో వెతుకుతాను?

ఐదుసూత్రాలు:
అమ్మా, మీ ప్రశ్న చూస్తే బాధ కలిగింది, మీ మీద కాదు, మన గ్రంథాలయ విద్య మీద. గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్‌గారు 1931లోనే చెప్పారు, పాఠకుడి సమయం ఆదా చేయాలని. ఆయన అయిదు సూత్రాల్లో అది నాలుగోది. 1933లో కోలన్ వర్గీకరణ ఇచ్చారు. ఒక పుస్తకంలో విషయం ఏమిటి, ఏ చోటిది, ఏ కాలానిది అని ముఖాలుగా విడదీసి సంఖ్య కట్టే పద్ధతి అది. ఆ పద్ధతిలో ఈ స్కాన్లన్నిటికీ సంఖ్యలు వేసి ఉంటే ఈవేళ మీరు జానపద కళలు, ఆంధ్రదేశం అని రెండు ముఖాలు పట్టుకుని నేరుగా వెళ్లేవారు. స్కాను చేసినవాళ్లకు యంత్రం ఇచ్చారు గానీ వర్గీకరణ నేర్పలేదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆయన ఉన్న కాలంలో...

కార్డుపెట్టె:
ఆమెకు సోమవారానికి కావాలి.

పాతబస్తా:
చుక్కలముగ్గు గారూ, ముందు ఒక చిక్కు విప్పుకుందాం. డిజిటల్ లైబ్రరీ అనే పేరుతో కనీసం రెండున్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (డీఎల్ఐ) పాతది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల స్కానింగ్ కేంద్రాలు నడిచిన ప్రాజెక్టు. దాని సొంత సైటు మూతపడి ఏళ్లయింది. ఆ స్కాన్లు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, వాటి గుర్తింపు సంఖ్యలో డీఎల్ఐ, 2015 అని కనబడుతుంది. నేషనల్ డిజిటల్ లైబ్రరీ వేరు, అది ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లది. అది ఎక్కువగా ఎక్కడెక్కడి వివరాలనో ఒకచోట చేర్చి, అసలు పుస్తకం ఉన్న సైటుకు పంపుతుంది. మీరు ఎక్కడ వెతికారో చెబితే సగం పని అవుతుంది.

చుక్కలముగ్గు:
ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనే. అది వేరు, ఇది వేరు అని ఎవరూ చెప్పలేదు.

పాతబస్తా:
సరే. అక్కడి డీఎల్ఐ పుస్తకాల్లో ఎక్కువ వాటికి శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. తెలుగు లిపిలో వెతికితే ఈమధ్య ఎవరో ప్రేమగా తెలుగులో పేరు పెట్టి ఎక్కించినవే వస్తాయి. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒక పద్ధతి లేదు. దీర్ఘానికి ఏ రెండుసార్లు కొట్టినవాళ్లున్నారు, ఒక్కసారి కొట్టినవాళ్లున్నారు. తకారానికి ఒకరు టి, మరొకరు టి, హెచ్. సున్నా సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒకచోట ఎన్, ఒకచోట ఎం, ఇంకోచోట ఎన్ పక్కన పైకామా. అందుకని భారతి అనే పేరుకే మూడు నాలుగు వర్ణక్రమాలు వేసి చూడాలి.

నేను చేసేది ఇది. శీర్షికలో దీర్ఘం, సున్నా, వత్తు లేని ముక్కను ఎంచుకుంటాను. ఆంధ్రకవుల అనే మాటలో ఆంధ్ర జోలికి పోను. కవుల అనే ముక్కను ఎవరు కొట్టినా కె, ఏ, వి, యు, ఎల్, ఏ అనే కొడతారు. పేర్లలో వేంకట వస్తే దాన్ని వదిలి ఇంటిపేరు పట్టుకోవాలి. మాట చివర అనుమానం ఉంటే నక్షత్రం గుర్తు పెడితే, అక్కడి నుంచి ఏ అక్షరాలున్నా తెస్తుంది. రెండు వర్ణక్రమాలు ఒకేసారి వెతకాలంటే మధ్యలో ఓ, ఆర్ పెద్ద అక్షరాల్లో పెట్టాలి. టైటిల్ అని ఇంగ్లీషులో రాసి కోలన్ పెట్టి మాట ఇస్తే శీర్షికలో మాత్రమే చూస్తుంది. లేకపోతే వివరణల్లోంచి కూడా పోగుచేసి మీ ముందు పోస్తుంది. మీ హరికథలు అలా వచ్చినవే.

ఐదుసూత్రాలు:
చూశారా, కోలన్! రంగనాథన్‌గారు పెట్టిన గుర్తే చివరికి పనికొచ్చింది.

కార్డుపెట్టె:
ఆ కోలన్ వేరు, ఈ కోలన్ వేరు.

కార్డుపెట్టె:
ఇంకొకటి. మేడం, మీరు వ్యాసం పేరు వెతుకుతున్నారు. కాటలాగులో వ్యాసాల పేర్లు ఉండవు. సంచిక పేరు ఉంటుంది, అంతే.

చుక్కలముగ్గు:
మరి లోపలి పాఠంలో వెతికే సౌకర్యం ఉంది కదా? అది నొక్కినా రాలేదు.

పాతబస్తా:
అది కాటలాగులో వెతకడం కాదు. స్కాను బొమ్మను యంత్రం చదివి అక్షరాలుగా మార్చితే వాటిలో వెతుకుతుంది. పాత తెలుగు స్కాన్లలో చాలావాటికి ఆ చదువు సరిగా జరగలేదు. జరిగినచోట కూడా వత్తులు ఎగిరిపోతాయి, పాత అచ్చులోని శకటరేఫ (ఱ), అరసున్నలు చూసి యంత్రం తికమకపడుతుంది. అక్కడ దొరక్కపోతే లేదని అనుకోకండి.

ఐదుసూత్రాలు:
క్షమించాలి, కాటలాగు వేరు, ఇండెక్స్ వేరు. ఇక్కడ అందరూ రెండింటినీ కలిపేస్తున్నారు. పత్రికా వ్యాసాలకు కావలసింది వ్యాససూచి. దాన్ని ఒకరు కూర్చుని తయారు చేయాలి, యంత్రం చేయదు. సంచిక స్థాయిలో వివరణను కాటలాగు అనడం కూడా నా దృష్టిలో సబబు కాదు, అది జాబితా.

కార్డుపెట్టె:
జాబితా, కాటలాగు, ఏ పేరు పెట్టినా వ్యాసం అందులో లేదు. చుక్కలముగ్గు గారూ, మీకు ఈ వ్యాసం సంగతి ఎక్కడ తెలిసింది? అక్కడ ఉన్నది ఉన్నట్టు రాయండి.

చుక్కలముగ్గు:
ఒక పాత సిద్ధాంత వ్యాసంలో అధస్సూచిక, అంటే ఫుట్‌నోట్. "భారతి, యువ, మాఘము" అని ఉంది, పుట సంఖ్య ఉంది. యువ అంటే 1935 కదా, ఎడమవైపు సంవత్సరాల్లో 1935 టిక్కు పెట్టాను. అందులో ఒక్క భారతి కూడా రాదు.

తిథివారం:
ఇది మొదటి పోస్టులోనే రాయవలసిన విషయం. యువ సంవత్సరం 1935 ఏప్రిల్ మొదటివారంలో మొదలై 1936 మార్చి చివరివారానికి ముగిసింది. మాఘం దాని చివరి నుంచి రెండో నెల. 1936 జనవరి ఆఖరివారంలో మొదలై ఫిబ్రవరి నాలుగోవారం దాకా ఉంటుంది. కాబట్టి 1936. సంవత్సరం పేరుతో ఇచ్చిన ఆధారాల్లో పుష్యం, మాఘం, ఫాల్గుణం కనబడితే ఇంగ్లీషు సంవత్సరానికి ఒకటి కలపాలి. గుర్తు కోసం, అరవై తెలుగు సంవత్సరాల్లో మొదటిది ప్రభవ. 1987 ప్రభవ, అందులోంచి 60 తీస్తే 1927 ప్రభవ. అక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు, యువ తొమ్మిదోది.

వేమవరంవాసి:
పుష్యంలో కొన్ని రోజులు డిసెంబరులో వస్తాయి. అన్నిటికీ ఒకటి కలపడం తప్పు.

తిథివారం:
ఆ సంవత్సరం పుష్యం డిసెంబరు 26న మొదలైంది, నెలంతా దాదాపు జనవరిలోనే ఉంది. నేను మాట్లాడేది వెతకడం కోసం, ముహూర్తం కోసం కాదు.

వేమవరంవాసి:
ఉత్తరాదిన పూర్ణిమాంతం, అంటే నెల పున్నమితో ముగిసే లెక్క పాటిస్తారు, అక్కడ మాఘం ఇంకా ముందే మొదలవుతుంది.

తిథివారం:
భారతి మద్రాసు నుంచి తెలుగువాళ్ల కోసం వచ్చిన పత్రిక. అమావాస్యతో నెల ముగిసే అమాంతమే.

పాతబస్తా:
సంవత్సరం టిక్కు అసలు తీసేయండి. ఆ తేదీ పట్టీలో ఎవరో కొట్టినది, ఎన్నో స్కాన్లకు ఖాళీగా ఉంటుంది, కొన్నిటికి తప్పుగా ఉంటుంది. ఖాళీగా ఉన్నవాటిని ఆ టిక్కు చూపించదు. అందుకే అన్నీ మాయమయ్యాయి. భాష టిక్కుతో కూడా జాగ్రత్త, కొన్నిటికి తెలుగు అని పూర్తిగా, కొన్నిటికి మూడక్షరాల సంకేతం ఉంటుంది, రెండూ చూడాలి.

బదులుగా సంపుటం పట్టుకోండి. భారతిని కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు 1924 జనవరిలో మొదలుపెట్టారు. ఏడాదికొక సంపుటం లెక్కన 1936 పదమూడోది. భారతికి నాలుగు వర్ణక్రమాలు, పక్కన 13. అలా కూడా రాకపోతే భారతి అనే మాట వదిలేసి మాసపత్రిక అని వెతకండి, కొందరు ఉపశీర్షికనే శీర్షికగా కొట్టారు. పదమూడు దొరకక పన్నెండో, పద్నాలుగో దొరికినా వదలకండి. ఒకేచోట వరసగా స్కాను చేసిన సంపుటాలు దగ్గరి గుర్తింపు సంఖ్యలతో ఉండే అవకాశం ఎక్కువ. సంఖ్యను ఒకటి రెండు అటూ ఇటూ మార్చి చూడండి.

గంటస్తంభం:
ఇవన్నీ దేనికి? తెలుగు వికీపీడియాలో వాలంటీర్లు డీఎల్ఐ పుస్తకాల పట్టికలు తెలుగు లిపిలో పెట్టారు. ముందు అక్కడ చూడాలి.

పాతబస్తా:
పుస్తకాలకు అది నిజంగా మేలు. పత్రికల సంచికలకు అంతగా ఉపయోగపడలేదు నాకు.

ఐదుసూత్రాలు:
ఇవేవీ దొరకకపోతే వేటపాలెం వెళ్లండి. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది, పాత పత్రికల బైండు సంపుటాలకు పెట్టింది పేరు. సంపుటం చేతిలో పట్టుకుంటే వర్ణక్రమం బెడద ఉండదు. వెళ్లేముందు ఫోను చేసి కనుక్కోండి. ఇంకో విషయం, బైండు చేసేటప్పుడు అట్టలూ ప్రకటనల పుటలూ చింపేసే దురలవాటు మన గ్రంథాలయాల్లో ఉండేది. నెల పేరు అట్ట మీదే ఉంటుంది కాబట్టి, అట్ట పోతే అది ఏ నెలదో స్కాను చేసేవాడికి తెలియదు. దీని మీద నేను ఒక పెద్ద వ్యాసమే రాయవచ్చు.

గంటస్తంభం:
రాయకండి.

చుక్కలముగ్గు:
దొరికింది. మాసపత్రిక అని వెతికితే వచ్చింది, తేదీ గడి ఖాళీ. వ్యాసం ఉంది. ఒక పుట వంకరగా వచ్చింది, అయినా చదవవచ్చు. థాంక్సండీ అందరికీ.

తిథివారం:
అధస్సూచికలో "యువ, మాఘం" అని మాత్రమే రాయకండి, పక్కన 1936 ఫిబ్రవరి కూడా వేయండి.

వేమవరంవాసి:
జనవరి-ఫిబ్రవరి అనాలి.

తిథివారం:
సంచిక మీద ఏ నెల అచ్చయి ఉందో అదే వేయాలి. ఆమె చూసి చెప్పాలి.

ఐదుసూత్రాలు:
చుక్కలముగ్గు గారూ, దొరికిన స్కాను గుర్తింపు సంఖ్య ఇక్కడ పెడతారా? నా దగ్గర పదమూడో సంపుటం జాబితాలో రెండు నెలలు ఖాళీగా ఉన్నాయి.