7జెడ్ డబుల్ డెక్కర్ లోపల ఎలా ఉండేదో చెప్పగలరా?

హైదరాబాద్ సిటీ బస్సులంటే ప్రాణం పెట్టేవాళ్లకి ఒక ప్రశ్న. సికింద్రాబాద్ నుంచి జూపార్క్‌కి తిరిగిన పాత 7జెడ్ డబుల్ డెక్కర్ నమూనా చెక్కతో చేస్తున్నాను. నా దృష్టిలో ఈ ఊరికి అంతకన్నా అందమైన బస్సు రాలేదు. బాడీ దాదాపు అయిపోయింది, మెట్ల దగ్గర పని ఆగింది. పైకి మెట్లు వెనక తలుపు పక్కనుంచి మలుపు తిరిగి వెళ్లేవా, డ్రైవర్ వెనకనుంచా? పైనొక కండక్టర్, కిందొకరు ఉండేవారా? రూట్ బోర్డు మీద ఉర్దూ కూడా రాసేవారా?

2023లో వచ్చిన ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ల ఫొటోలు బోలెడు దొరుకుతున్నాయి, కానీ అవి ఏసీ బస్సులు. నాకు కిటికీ తెరిస్తే గాలి కొట్టే పాత బండి వివరాలే కావాలి. అప్పట్లో డిపోల్లో పనిచేసినవాళ్లు, రోజూ ఎక్కినవాళ్లు దయచేసి చెప్పండి. లోపలి ఫొటో ఒక్కటున్నా చాలు.