మాట విననివాడి ఆరాధన దేవుడికి చేరుతుందా?

ప్రశ్నార్థకం

అందరికీ వందనాలు. మా సంఘంలో పదకొండేళ్లుగా పాటలు నడిపిస్తున్నాను. అందులో చివరి మూడేళ్లు మా అన్నయ్యకీ నాకూ మాటల్లేవు. ఆస్తి పంపకాల దగ్గర మొదలైంది, ఎవరు ఎంత అన్నారో ఇక్కడ రాయను, కొంత తప్పు నాదే. పోయిన ఆదివారం కళ్లు మూసుకుని చేతులెత్తి పాడుతున్నాను, కన్నీళ్లు కారుతున్నాయి, నటన కాదు, నిజంగానే. సరిగ్గా అప్పుడే మత్తయి 5:23-24 మనసులోకి వచ్చింది. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతూ ఉండగా నీ సహోదరునికి నీమీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడు అనే మాట. నోట్లో పాట ఆగిపోయింది. పక్కవాళ్లు అందుకున్నారు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

తర్వాత ఇద్దరిని అడిగాను. ఒకరు "అవిధేయతలో ఉండి పాడేది ఉత్త శబ్దం, దేవుడు వినడు" అన్నారు. ఇంకొకరు "మనం కృప కింద ఉన్నాం, నీ పనులు చూసి నిన్ను చేర్చుకోలేదు, నీ పనులు చూసి నిన్ను తోసేయడు, టెన్షన్ పడకు" అన్నారు. ఇద్దరూ వాక్యమే చూపించారు. మరి నా కన్నీళ్లు నిజమా, అబద్ధమా?

ఉప్పురాయి

మీకు మొదట చెప్పినవారిదే సరైన మాట. 1 సమూయేలు 15 ఒకసారి మొత్తం చదవండి. శత్రువులైన అమాలేకీయుల దగ్గర ఏదీ మిగల్చవద్దని దేవుని ఆజ్ఞ. రాజైన సౌలు మంచి మంచి గొర్రెల్నీ ఎడ్లనీ ఉంచుకున్నాడు, అడిగితే బలి అర్పించడానికే అన్నాడు. అంటే అవిధేయతకి ఆరాధన అనే పేరు పెట్టాడు. ప్రవక్త సమూయేలు జవాబు మనందరికీ కంఠస్థమే, "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము."

ఆమోసు 5లో దేవుడు మీ పాటల ధ్వని నా దగ్గరనుంచి తీసేయండి అంటాడు. పాటలు శ్రుతి తప్పినందుకు కాదు, పాడేవాళ్లు బయట న్యాయాన్ని తొక్కేస్తున్నందుకు. ప్రభువా ప్రభువా అని పిలిచే ప్రతివాడూ పరలోక రాజ్యంలో ప్రవేశించడని చెప్పింది యేసే. ఈ రోజుల్లో కృప అనే మాటని దుప్పటిలా కప్పుకుని నిద్రపోతున్నాం. జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ 1937లోనే దీన్ని చౌక కృప అన్నాడు, పశ్చాత్తాపం లేని క్షమాపణ, వెంబడించడం లేని కృప. ఆయన రాసి ఊరుకోలేదు, 1945 ఏప్రిల్ 9న నాజీలు ఆయన్ని ఉరితీశారు. కన్నీళ్లు ఎవరికైనా వస్తాయండీ. అన్నయ్య దగ్గరికి వెళ్లారా లేదా అన్నదే ప్రశ్న.

నీటిఊట

ఉప్పురాయి గారూ, మీ మాటలు చదువుతుంటే నా చిన్నతనం గుర్తొచ్చి గుండె బరువెక్కింది. మాట వినకపోతే దేవుడు కొడతాడు అనే మాట మధ్యే పెరిగాను. ఒక నోటుబుక్కు ఉండేది, ప్రార్థన చేసిన రోజుకి ఎర్ర ఇంకుతో టిక్కు, అబద్ధం ఆడిన రోజుకి అడ్డగీత. నెలాఖరున లెక్కపెట్టేవాణ్ణి. గీతలు ఎక్కువైన నెలలో ఆదివారం వెనక వరసలో కూర్చుని పెదవులు కదిపేవాణ్ణి, గొంతు ఎత్తే అర్హత లేదనిపించి. ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన లూథర్ కూడా సన్యాసిగా ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, బయటికొచ్చాక ఇంకొకటి గుర్తొచ్చేది. ఆ దారిలో ఎంత దూరం నడిచినా చివర కనబడదు.

లూకా 18లో సుంకరి, అంటే పన్నులు వసూలుచేసేవాడు, గుడిలో దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, అంతే. చూపించుకోవడానికి అతని చేతిలో ఏ విధేయత ఉంది? అక్కడే ప్రార్థిస్తున్న పరిసయ్యుడి దగ్గర, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడి దగ్గర, బోలెడంత ఉంది, వారానికి రెండు ఉపవాసాలు, సంపాదన అంతటిలో పదోవంతు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది మాత్రం సుంకరి. ఎఫెసీ 2:8 ప్రకారం రక్షణ కృపచేతనే, మనవల్ల కలిగింది కాదు, దేవుని వరం. విధేయత పూర్తయ్యాకే పాడాలంటే ఏ సంఘంలోనూ పాట వినబడదు.

ఉప్పురాయి

సుంకరి గురించి చెప్పారు, తర్వాతి అధ్యాయమే తిప్పండి. జక్కయ్య కూడా సుంకరే. ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి. కృప ఇంట్లోకి వచ్చిన రోజే డబ్బు ఇంట్లోంచి బయటికి పోయింది. ఈయనకీ అన్నయ్యకీ మధ్య ఉన్నది కూడా ఆస్తి తగాదానే కదా.

నీటిఊట

పోయింది, ఒప్పుకుంటాను. కానీ యేసు "నేడు నేను నీ యింట ఉండవలసియున్నది" అన్నాడు ముందు. జక్కయ్య ఆయన్ని చూడ్డానికి ఎక్కిన చెట్టుమీద ఉన్నప్పుడే అన్నాడు, లెక్కలు తేల్చి దిగిరా అనలేదు. నేను పట్టుకున్నది ఆ వరసనే.

ద్రాక్షతీగ

నిన్నటినుంచి చదువుతున్నాను. మీరిద్దరూ చెప్పిన వచనాల్లో ఒక్కటి కూడా కాదనలేను, కానీ ఇద్దరూ ఒకే తప్పు ఊహమీద నిలబడి వాదిస్తున్నారనిపిస్తోంది. విధేయత అంటే చెల్లింపు అనుకుంటున్నారు. ఉప్పురాయి గారు చెల్లించి లోపలికి రమ్మంటున్నారు, నీటిఊట గారు చెల్లించనక్కర్లేదు అంటున్నారు.

మన భాషలో ఒక చక్కని సంగతి ఉంది. పిల్లవాడు చెప్పినట్టు చేయకపోతే మనం మాట వినలేదు అంటాం. వాడి చెవులకి వినబడలేదని కాదు. వినడమూ చేయడమూ మనకి ఒకే మాట. హెబ్రీలో కూడా అంతే, షామా అంటే వినడం, లోబడడం రెండూ. "ఓ ఇశ్రాయేలూ వినుము" అన్న చోట ఉన్నది ఆ మాటే, సమూయేలు సౌలుతో బలుల కంటే శ్రేష్ఠం అన్నదీ ఆ మాటే. విధేయత అనగానే మనకి లెక్కల పుస్తకం, నీటిఊట గారి ఎర్ర ఇంకు టిక్కులు కళ్ల ముందుకు వస్తాయి. మాట వినడం అంటే అలా అనిపించదు, ఎందుకంటే మాట వినాలంటే మాట్లాడేవాడు దగ్గర ఉండాలి, వాడిమీద నమ్మకం ఉండాలి. పరాయివాడి మాట మనం భయపడి చేస్తాం, అమ్మ మాట వింటాం.

పది ఆజ్ఞలు నిర్గమకాండం 20లో మొదలవుతాయి. మొదటి ఆజ్ఞకి ముందు ఒక వాక్యం ఉంది, నిన్ను ఐగుప్తులోనుంచి, దాసుల ఇంటిలోనుంచి బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే అని. సముద్రం దాటించింది 14వ అధ్యాయంలో, ఆజ్ఞలు ఇచ్చింది 20లో. విడుదల ముందు, ఆజ్ఞ తర్వాత. అంటే నీటిఊట గారి వరస పాత నిబంధనలోనే ఉంది. అయితే తీతు 2:11-12 ఆ కృప ఏం చేస్తుందో కూడా చెబుతుంది, అది మనకి బోధిస్తుంది. అక్కడి గ్రీకు మాట పిల్లవాణ్ణి పెంచి దారిలో పెట్టడానికి వాడే మాట. కాబట్టి "కృప ఉంది కదా, టెన్షన్ పడకు" అని చెప్పి పంపేస్తే కృప చేసే పనిని మనమే మధ్యలో ఆపేసినట్టు.

ఇప్పుడు ప్రశ్నార్థకం గారి విషయం. ఆ వచనాన్ని మొదట విన్నవాళ్లు ఎక్కడ ఉన్నారో ఆలోచించండి. యేసు ఈ మాట గలిలయలో చెబుతున్నాడు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో, అక్కడొక్కచోటే. వంద కిలోమీటర్లకు పైగా దూరం, నడిచి వెళ్తే మూడు నాలుగు రోజులు. అర్పణ అక్కడ వదిలేసి ఇంటికొచ్చి, సహోదరుడితో సమాధానపడి, మళ్లీ వెళ్లాలంటే వారం దాటుతుంది. విన్నవాళ్లకి కాళ్ల నొప్పులు గుర్తొచ్చి ఉంటాయి. యేసు చిన్న సంగతి అడగలేదు. ఇక్కడ నేను పూర్తిగా ఉప్పురాయి గారి వైపే.

కానీ అర్పణని ఏం చేయమన్నాడు? వెనక్కి తీసుకుపొమ్మనలేదు, పనికిరాదని పారేయమనలేదు. బలిపీఠం ముందే వదలమన్నాడు, తర్వాత వచ్చి అర్పించమన్నాడు. అది మీకోసం అక్కడ ఆగి ఉంటుంది. మీ కన్నీళ్లు కూడా అలాంటివే అని నా నమ్మకం. అబద్ధం కాదు, సగంలో ఉన్నాయి. దేవుడు వినడేమో అని భయపడుతున్నారు, ఆ పాట మధ్యలోనే ఆయన మీతో మాట్లాడాడు కదా. వదిలేసినవాడితో ఎవరూ అలా మాట్లాడరు.

ఒక్క మాట మాత్రం ప్రేమతో చెప్పాలి. "ఎవరికీ తెలియలేదు" అని రాశారు. సౌలు కథ చివర ఏముందో ఉప్పురాయి గారు రాయలేదు. సౌలు పాపం చేశానని ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకున్న నోటితోనే, జనుల పెద్దల ముందు నన్ను ఘనపరచు అని సమూయేలును అడిగాడు. తర్వాత యెహోవాకు మొక్కాడు. సుంకరికీ అతనికీ తేడా విధేయత ఎంత ఉందన్నది కాదు, ఇద్దరూ పాపులే. సుంకరికి తనని ఎవరు చూస్తున్నారో అక్కర్లేకపోయింది. ఆత్మతోను సత్యముతోను ఆరాధించాలి అన్నప్పుడు సత్యం అక్కడ మొదలవుతుందనుకుంటాను.

పాతదీపం

ఈ గొడవ పాతదే. లూథర్ 1522లో బైబిల్లోని యాకోబు పత్రికని, అంటే లేఖని, గడ్డి పత్రిక అన్నాడు, క్రియలు లేని విశ్వాసం మృతం అని అది గట్టిగా చెబుతుంది కాబట్టి. అదే ఏడాది రోమా పత్రికకి రాసిన ముందుమాటలో మాత్రం నిప్పునుంచి వేడినీ వెలుగునీ విడదీయలేనట్టే విశ్వాసంనుంచి క్రియల్ని విడదీయలేం అన్నాడు. కథోలిక సంఘం 1547లో ట్రెంట్ సభలో దీనికి జవాబిచ్చింది. నాలుగు వందల యాభై ఏళ్ల తర్వాత, 1999 అక్టోబరు 31న, ఆగ్స్‌బర్గ్‌లో కథోలికులూ లూథరన్ సంఘాల సమాఖ్యా కలిసి ఒక ప్రకటనమీద సంతకం చేశారు. మనలో ఉన్న ఏ యోగ్యతనుబట్టీ కాదు, కృపచేత మాత్రమే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, మనం పొందే పరిశుద్ధాత్మే మంచి పనులకి మనల్ని పిలిచి సిద్ధపరుస్తాడు అని. 2006లో మెథడిస్టులు కూడా చేరారు. ఒప్పుకోని వేదాంతులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

మౌనశ్రోత

ఎప్పుడూ రాయను, ఇవాళ రాయాలనిపించింది. మాట వినడం అంటే అమ్మ మాట లాంటిది అన్నారు. మాకు ఒక నాయకుడు ఉండేవాడు, ఆయన ఏం చెప్పినా దేవుని మాటే, ఎదురు అడిగితే అవిధేయత. నా జీతంలో ఎంత ఇవ్వాలో, ఎవరితో మాట్లాడాలో ఆయనే చెప్పేవాడు. బయటపడి ఆరేళ్లయింది. ఇప్పటికీ విధేయత అనే మాట వింటే నా చేతులు చల్లబడతాయి. దయచేసి ఆ మాట వాడేముందు ఎవరికి విధేయత అన్నది కూడా చెప్పండి.

ద్రాక్షతీగ

మౌనశ్రోత గారూ, ఇది రాసినందుకు కృతజ్ఞతలు. నేను అక్కడ తొందరపడ్డాను. అపొస్తలుల కార్యాలు 5:29లో పేతురు "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను" అన్నది మతపెద్దల ముఖంమీదే. మీరు అక్కడినుంచి బయటికి రావడం కూడా దేవుని మాట వినడమే అని నమ్ముతున్నాను. ఇంకొకటి, సమాధానపడు అన్న ఆజ్ఞని హాని చేసినవాడి దగ్గరికి తిరిగి వెళ్లు అనడానికి ఎవరూ వాడకూడదు. మత్తయి 5లో లేచి నడవాల్సింది తప్పు చేసినవాడు.

ఉప్పురాయి

ఈ చివరి మాట ఒప్పుకుంటాను. మిగతాదానిలో నా భయం ఇంకా పోలేదు. అర్పణ అక్కడే ఆగి ఉంటుంది అన్నారు, బాగుంది, కానీ ఎంతకాలం? తెలిసి తెలిసి ఏళ్లతరబడి వెళ్లకపోతే? సత్యం తెలిశాక కావాలని పాపం చేస్తూ పోతే ఇక బలి మిగలదు అనే హెబ్రీ 10:26 కూడా వాక్యమే. కొందరికి ధైర్యం చెప్పాలి, కొందరిని కుదపాలి. మూడేళ్లు అంటే నేను కుదుపుతాను.

ప్రశ్నార్థకం

అందరి మాటలూ రెండు మూడుసార్లు చదివాను. ఉప్పురాయి గారూ, మీమీద కోపం లేదు, కుదపడమే నాకు కావాల్సింది.

మంగళవారం రాత్రి ఫోన్ చేశాను. అన్నయ్య తీయలేదు. రెండోసారి వదిన తీసింది. "ఉన్నారు, మాట్లాడనంటున్నారు" అంది. ముందుగా రాసుకున్న కాగితం చేతిలో ఉంది, అందులో నా వైపు కారణాలు కూడా ఉన్నాయి, అవన్నీ వదిలేసి నాన్న పోయిన రోజు నేను అన్న మాట తప్పని మాత్రం చెప్పమన్నాను. వదిన కాసేపు ఆగి "స్పీకర్‌లోనే ఉంది, వింటున్నారు" అంది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది, అంతే.

ఆదివారం పాస్టర్ గారికి మొత్తం చెప్పి, కొన్నాళ్లు పాటలు వేరేవాళ్లకి అప్పగించమని అడిగాను. మూడో వరసలో కూర్చున్నాను. పాడాను, నీటిఊట గారూ, పెదవులు కదపడం కాదు, గొంతెత్తే పాడాను. పక్కన కూర్చున్నాయన ఈ రోజు స్టేజీమీద లేరేంటి అని అడిగితే అన్నయ్యతో గొడవ ఉందని చెప్పేశాను.

నా వాటాలో అన్నయ్యకి రావాల్సింది కొంత ఉంది, అది నాకు ముందునుంచీ తెలుసు. శనివారం ఆ కాగితాలు పట్టుకుని ఇంటికే వెళ్తున్నాను. తలుపు తీస్తాడో లేదో. వెళ్లొచ్చాక రాస్తాను.