ఫ్లాష్ వేస్తే మొహం తెల్లగా పేలిపోతోంది, వెనక హాలంతా నల్లగా వస్తోంది. ఏం మార్చాలి?

లోలైట్_కొత్త:
ఇండోర్ ఫంక్షన్లకి 24-70 ఎఫ్/2.8 లెన్సు, కెమెరా మీద టీటీఎల్ ఫ్లాష్ (వెలుగు కొలిచి పవర్ తనే సర్దుకునేది) వాడుతున్నా. మాన్యువల్‌లో షట్టర్ 1/200, అపర్చర్ ఎఫ్/5.6, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400. ఫ్లాష్ తల నేరుగా ముందుకే ఉంటుంది. నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుందని ఐఎస్ఓ పెంచట్లేదు.

రెండో_కర్టెన్:
మీ సెట్టింగ్స్‌లో హాలు వెలుగు దాదాపు నమోదే కావట్లేదండీ. ముందు ఫ్లాష్ ఆపేసి, మీటరు −1 దగ్గర చూపించేలా ఎక్స్‌పోజర్ కుదర్చండి. 1/80, ఎఫ్/4, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టి చూడండి. ఇప్పుడున్న దానికంటే వెనక వెలుగు నాలుగు స్టాపులకి (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) పైనే పెరుగుతుంది. ఆ తర్వాతే ఫ్లాష్ ఆన్ చేయండి.

ఫ్లాష్ మెరుపు క్షణంలో అయిపోతుంది కాబట్టి షట్టర్ తగ్గించినా మనిషి మీద పడే ఫ్లాష్ మారదు, హాలు వెలుగే పెరుగుతుంది. ఐఎస్ఓ పెంచితే రెండూ పెరుగుతాయి గానీ, టీటీఎల్ తన పవర్ తనే తగ్గించుకుంటుంది. దాంతో రీసైకిల్ (ఫ్లాష్ మళ్లీ ఛార్జవ్వడం) కూడా త్వరగా అవుతుంది. నాయిస్ సంగతంటారా, ఐఎస్ఓ 400లో చీకటిగా తీసి ఎడిటింగ్‌లో లాగినా నీడల్లో నాయిస్ తప్పదు.

బౌన్స్_బాబాయ్:
పేలిపోయే సమస్య వేరు. హాలు పైకప్పు తెల్లగా, మరీ ఎత్తు లేకుండా ఉంటే ఫ్లాష్ తల పైకెత్తి, కాస్త వెనక్కి వంచండి. రంగు కప్పయితే ఆ రంగే మొహాల మీదికి దిగుతుంది. అప్పుడు పక్కన తెల్ల గోడ వెతకండి. రెండూ లేకపోతే నేరుగానే కొట్టి ఫ్లాష్ కాంపెన్సేషన్ (పవర్ సర్దుబాటు) −1 పెట్టండి. ఫ్రేమంతా తెల్ల బట్టలుంటే టీటీఎల్ మోసపోయి తక్కువ కొడుతుంది, +0.7 ఇవ్వండి. నల్ల సూట్లయితే ఉల్టా. పెద్ద హాల్లో డిఫ్యూజర్ డబ్బా (ఫ్లాష్ తలకి తొడిగే తెల్ల ప్లాస్టిక్ ముక్క) బ్యాటరీ తినడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

లోలైట్_కొత్త:
1/80లో డాన్స్ తీస్తే చేతుల చుట్టూ నీడలా సాగుతోంది. 1/320కి వెళ్లొచ్చా?

రెండో_కర్టెన్:
వద్దు, సింక్ స్పీడ్ (మామూలు ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టర్ వేగం) దాటితే ఫ్రేములో నల్ల పట్టీ వస్తుంది. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ సింక్) పెడితే పట్టీ పోతుంది గానీ ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది. 1/160 పెట్టి హాలుని ఇంకో స్టాపు చీకటిగా ఉంచండి. సాగుడు ఫ్లాష్‌ది కాదు, హాలు వెలుగుది.

జెల్_ముక్క:
బల్బులు పసుపు రంగువైతే ఫ్లాష్‌కి ఫుల్ సీటీఓ జెల్ (నారింజ రంగు పల్చటి ఫిల్టర్) తగిలించి, వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగు సర్దుబాటు) 3200 కెల్విన్ దగ్గర పెట్టండి. లేకపోతే మనిషి ఒక రంగు, హాలు ఒక రంగు. ఎల్ఈడీ లైట్ల కింద అడ్డ చారలు కనిపిస్తే, 50 హెర్ట్జ్ కరెంటున్న చోట 1/100 ప్రయత్నించండి. స్టేజీ ఎల్ఈడీ తెరలకి ఇది పనిచేయకపోవచ్చు, షట్టర్ అటూ ఇటూ మార్చి టెస్ట్ షాట్ చూసుకోవాల్సిందే.