పగ తీర్చుకునే దెయ్యం నవల: దెయ్యానికి హద్దులు ఎట్లా పెట్టాలి?

ప్రశ్న (పెన్న_ఒడ్డు):
సైదాపురం దగ్గర మూతబడ్డ అభ్రకం గని, నీళ్లు నిండిన గుంత. ముగ్గురు కలిసి మేస్త్రీని అందులోకి తోసేశారు, శవం దొరకలేదు. అతను తిరిగొచ్చి ముగ్గురి మీదా పగ తీర్చుకోవాలి. చిక్కేందంటే, 3వ అధ్యాయానికే దెయ్యం గోడలు దాటుతోంది, మనుషుల్ని పూనుతోంది. ఇంత చేయగలిగినవాడు ఆ రాత్రికే ముగ్గుర్నీ చంపెయ్యొచ్చు గదా? 30 అధ్యాయాలు ఎందుకు ఆగాలి?

జవాబు (ఒంగోలు_పాఠకుడు):
ఆగడానికి కారణం కర్మకాండలోనే ఉందన్నా. గరుడ పురాణం లెక్కలో, ఒళ్లు కాలిపోయిన ప్రేతానికి రోజుకో పిండంతో కొత్త ఒళ్లు కడతారు. 1వ రోజు తల, 2వ రోజు మెడా భుజాలూ, 3వ రోజు గుండె, 4న వీపు, 5న బొడ్డు, 6న నడుము. ఆ తర్వాత తొడలు, మోకాళ్లు, పాదాలు. 10వ రోజు పిండంతో ఆకలిదప్పులు పుడతాయి. శవం దొరక్కపోతే 360 మోదుగ కాడలతో మనిషి ఆకారం కట్టి దహనం చేస్తారు.

మేస్త్రీ పెళ్లాం అట్లా దహనం చేయించింది, 6వ పిండం పడ్డాక హంతకుడే కర్మ ఆపించాడు అనుకోండి. తల ఉంది, గుండె ఉంది, కాళ్లు లేవు. ఎవరో ఒకరు మోస్తేనే ఊళ్లోకొస్తాడు. ఆకలి కూడా పుట్టలేదు కాబట్టి అన్నం, కల్లు పెట్టి శాంతింపజేయడమూ కుదరదు. ఇది నాకు అన్నిటికన్నా భయంగా అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. పది పిండాలూ విడివిడిగా అందరిళ్లలో పెట్టరు. చాలా ఇళ్లలో చిన్నదినం, పెద్దకర్మ, అంతే. ఆ ఇంటి ఆచారం ఏదో ముందే తేల్చుకోకపోతే మనవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

జవాబు (కాకిబంగారం):
మోసేది యాడో వెతకొద్దు, గనిలోనే ఉంది. అభ్రకం పుస్తకంలా పొరలు పొరలుగా ఊడుతుంది, దాని పొడి చేతులకీ జుట్టుకీ అంటుకుని ఒక పట్టాన పోదు. హంతకుడి చొక్కా మడతలో ఒక్క రేకు చాలు. రేకు ఏ ఇంట్లో ఉంటే దెయ్యం ఆ ఇంటి వరకే అని కట్టడి పెట్టండి.

మంత్రగాడు హోమంలో వేస్తే రేకు బూడిదైనట్టు మాత్రం రాయొద్దు. అభ్రకం అంత తేలిగ్గా కాలదు, ఇస్త్రీపెట్టె లోపల వాడేదే అందుకు. బాగా వేడెక్కితే తెల్లబడి ఉబ్బుతుంది. నిప్పుల్లోంచి తీసిన రేకు పాలిపోయి, ఉబ్బి కనబడాలి, మంత్రగాడు దాన్ని చూసి మాట పడిపోవాలి. రంగు కూడా చూసుకోండి: నెల్లూరు అభ్రకానికి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, ఎర్ర ఛాయది జార్ఖండ్ సరుకు.

జవాబు (కనిగిరి_అక్క):
చిన్నదినం వదులుకోవద్దు తమ్ముడూ. పిండం పెట్టారు, కాకి ముట్టడంలేదు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, తీరని కోరికలు ఊహించి మాటిస్తారు: 'అప్పు తీరుస్తాం', 'పాప పెళ్లి చేస్తాం'. కాకి గోడ మీదే ఉంటుంది. వరసలో హంతకుడూ నిలబడ్డాడు, అతను నోరు తెరవగానే కాకి లేచిపోతుంది. ఎవరూ ఏమీ అనరు, పెళ్లాం మాత్రం చూసింది. ఇంకో పేజీ వివరణ అక్కర్లేదు.

ఇక మాట. బతికున్నప్పుడు 'వస్తుండా' అన్న మనిషి చచ్చాక 'నేను వచ్చుచున్నాను' అంటే భయం పోతుంది. ముందు అధ్యాయాల్లో అతను రోజూ అనే మాట ఒకటి పెట్టండి, 'ఏందబ్బయ్యా' లాంటిది. తర్వాత ఖాళీ ఇంట్లో అదే వినబడాలి.

పెన్న_ఒడ్డు:
6వ పిండం దగ్గర ఆపుతున్నా. అయితే మిగతా నాలుగు పిండాలు చివర్లో ఎవరైనా పెడితే?

ఒంగోలు_పాఠకుడు:
7, 8, 9 పడితే కాళ్లొస్తాయి, ఇక ఎవరూ మోయక్కర్లేదు. ఆ మూడూ తెలియక పెట్టించేది మిగిలిన ఆ మూడో హంతకుడే కావాలి.