భీమవరం నుంచి గుల్‌మార్గ్‌కు: స్కీ బూట్లు కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

గొంతేరు గట్టు (భీమవరం)
సంక్రాంతి వెళ్లాక జనవరి చివరి వారంలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, పదమూడేళ్ల అబ్బాయి. ఐదు రోజులు స్కీయింగ్ చేయాలని ఆలోచన. నాకు రెండోసారి, వాళ్లిద్దరికీ మొదటిసారి. డెన్వర్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు డిసెంబరులో వస్తున్నాడు. తన పాత స్కీలు (మంచు వాలు మీద జారడానికి కాళ్లకు తగిలించుకునే పొడవాటి పలకలు), బూట్లు, ఆ రెంటినీ కలిపే బైండింగ్‌లు ఊరికే ఇచ్చేస్తానంటున్నాడు. అన్నయ్య ఆరడుగుల మనిషి, తొంభై కిలోలు. నేను ఐదడుగుల ఆరంగుళాలు, అరవై నాలుగు కిలోలు. ఊరికే వస్తున్నవాటిని కాదనడం ఎందుకని నా వాదన. కొబ్బరిచెట్ల కింద మంచు బూట్లేమిటని మా ఆవిడ వాదన. తీర్పు చెప్పండి.

లంక కొబ్బరి (రాజోలు)
గెలుపు మీ ఆవిడదే. ముందు స్కీల సంగతి. నేర్చుకునేవారికి స్కీని నిలబెడితే గడ్డానికీ ముక్కుకూ మధ్యకు రావాలి. మీ ఎత్తుకు 150 సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ. మీ అన్నయ్యవి 175 పైనే ఉంటాయి. వాటితో మలుపు తిరగడమంటే సైకిలు నేర్చుకునేవాడికి లారీ ఇవ్వడమే.

పొడవు కూడా పెద్ద విషయం కాదు, బైండింగ్ చూడండి. బూటును స్కీకి పట్టి ఉంచేది అదే, పడినప్పుడు వదిలేయాల్సిందీ అదే. ఎంత బలం పడితే వదలాలో మరలతో అమరుస్తారు. బరువు, ఎత్తు, వయసు, ఎంత దూకుడుగా దిగుతారు, బూటు అడుగుభాగం పొడవు ఎన్ని మిల్లీమీటర్లు అన్నవి చూసి ఆ అంకె నిర్ణయిస్తారు. దీనికి ఐఎస్ఓ 11088 అని ప్రమాణమే ఉంది. తొంభై కిలోల మనిషికి బిగించినది మీరు పడితే వదలదు. స్కీ ఒకవైపు తిరుగుతుంది, మోకాలు దానితో వెళ్తుంది. పైగా మరీ పాత బైండింగ్ అయితే అమెరికాలో చాలా దుకాణాలవాళ్లు దాన్ని ముట్టుకోరు. తయారీదారు తన జాబితాలోంచి తీసేసిన మోడల్‌ను సరిచేస్తే బాధ్యత వాళ్ల మీద పడుతుంది.

లేసు పద్మ (నరసాపురం)
స్కీల విషయంలో లంక గారితో ఏకీభవిస్తాను. బూట్ల విషయంలో ఒప్పుకోను. స్కీలు అద్దెకు, బూట్లు సొంతానికి. నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి అద్దె దుకాణంలో కుర్రవాడు "చెప్పు సైజెంత మేడమ్?" అని అడిగి ఒక జత చేతిలో పెట్టాడు. హాయిగా ఉన్నాయి, చెప్పుల్లా! రెండో రోజు సాయంత్రానికి కుడి బొటనవేలి గోరు నల్లబడింది. బూటు వదులుగా ఉంటే వాలులో పాదం ముందుకు జారి ప్రతి మలుపులో వేలు గోడకు కొట్టుకుంటుంది. బిగుతు బూటు వల్ల గోరు పోతుందనుకుంటాం. నాకు పోయింది వదులు వల్ల.

స్కీ బూటు సైజు పాదం పొడవే, సెంటీమీటర్లలో. 25.5 అంటే ఇరవై అయిదున్నర సెంటీమీటర్ల పాదం. లోపలి మెత్తను బయటికి లాగి, ఒట్టి ప్లాస్టిక్ డొప్పలో కాలు పెట్టి వేళ్లు ముందుకు ఆనించండి. మడమ వెనక ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, వేళ్లతో చూసుకోవచ్చు. తర్వాత మెత్త పెట్టి బిగించుకుని నిలబడితే వేళ్లు కొద్దిగా తగలాలి. మోకాళ్లు వంచగానే వెనక్కు రావాలి. అలా కుదిరిన బూటు అద్దె దుకాణం రద్దీలో దొరకడం అదృష్టం. నేను అదృష్టాన్ని నమ్ముకోలేదు, కొనుక్కున్నాను.

పూతరేకు (ఆత్రేయపురం)
పద్మ గారూ, మీరు కొని ఎన్నేళ్లయింది? నేనూ ఇదే మాట విని కొన్నవాణ్ణి. రెండేళ్లు వెళ్లాను. తర్వాత నాన్నగారి ఆరోగ్యం, రొయ్యల ధరలు... ఆరేళ్లు బూట్లు అటక మీదే. మొన్న మార్చిలో దించాను. లోపలి మెత్తకు బూజు సరే, ఎండలో పెడితే పోయింది. బూటు తొడిగి మొదటి బకిల్ వేయగానే మడమ దగ్గర టప్‌మంది. చూస్తే డొప్పలోంచి అరచేయంత ముక్క ఊడి గచ్చు మీద పడింది. వేలితో నొక్కితే మిగతాది కూడా విరుగుతోంది. నా పేరుకు తగ్గట్టే అయింది లెండి.

చాలా స్కీ బూట్ల డొప్ప పాలియురెథేన్ అనే ప్లాస్టిక్. గాలిలోని తేమ ఏళ్ల తరబడి దాన్ని లోపలినుంచి విడగొడుతుంది. చలి దేశాల్లో పొడి గదిలో పెట్టినా ఎప్పటికో జరిగే పనే. మన గోదావరి గాలిలో త్వరపడుతుంది. నాది బయట చూపుకు కొత్తదే, గీత కూడా లేదు. అదే భయం. ఇంట్లో విరిగింది కాబట్టి సరిపోయింది, వాలు మధ్యలో విరిగితే?

లేసు పద్మ
నాలుగేళ్లయింది, బాగానే ఉన్నాయి. అటక మీద కాదు, పడకగది బీరువాలో పెట్టాను. ప్రతిసారీ మెత్తలు బయటికి తీసి పూర్తిగా ఆరబెట్టి, బకిళ్లు వదులుగా పెట్టి. కొన్ని బూట్లు పాలియోలెఫిన్‌తో చేస్తారు, వాటికి తేమ బాధ ఉండదు. మీరు నిర్లక్ష్యం చేసి బూటును తిడుతున్నారు, అన్నగారూ.

పూతరేకు
నిర్లక్ష్యమే, ఒప్పుకుంటాను. కానీ ఏడాదికి ఐదు రోజులు వాడే వస్తువుకు మిగిలిన మూడొందల అరవై రోజులు కాపలా కాయగల ఓపిక ఎందరికి ఉంటుంది? మా ఇంట్లో హార్మోనియానికే దిక్కు లేదు.

లంక కొబ్బరి
ఇంకొకటి. చెప్పులు లేకుండా చేల గట్ల మీద పెరిగిన పాదాలు మనవి, ముందు భాగం వెడల్పు. బూటు లోపలి వెడల్పు రకాన్ని బట్టి సుమారు 97 నుంచి 104 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అద్దె బూట్లు సాధారణంగా వెడల్పాటివే, అందరికీ పట్టాలి కాబట్టి. అంటే అద్దె మనకు కొంత కలిసొస్తుంది. నాకు సన్న బూటు కొనిపెట్టిన పుణ్యాత్ముడు ఒకడున్నాడు, రోజూ మధ్యాహ్నానికి పాదాలు మొద్దుబారేవి.

గట్టు గారూ, మీ అన్నయ్య బూటు మీద గట్టిదనం అంకె చూడమనండి. 120 ఉంటే మీకది సిమెంటు తూము. మగవారు నేర్చుకోవడానికి 70 నుంచి 90 మధ్య చాలు. ఒక కంపెనీ 90, ఇంకో కంపెనీ 90 ఒకటి కావు. చలికి ప్లాస్టిక్ ఇంకా బిగుస్తుంది.

ఎదురుగాలి (యానాం)
అసలు ఇంత చర్చ అనవసరం. అబ్బాయి పాదం వచ్చే ఏటికి పెరుగుతుంది, వాడికి అద్దె తప్ప మాటే లేదు. మీ ఆవిడకు స్కీయింగ్ నచ్చుతుందో లేదో ఎవరికి తెలుసు? స్వదేశీ విమానంలో సామానుకు మామూలుగా ఇచ్చేది 15 కిలోలు. ఒక జత బూట్లే నాలుగు కిలోల దాకా తూగుతాయి. స్కీ అంచుకు ఉక్కు పట్టీ ఉంటుంది, మా ఊరి ఉప్పుగాలికి గోళ్లు తీసుకునే కత్తెర కూడా నెలకు ఎర్రబడుతుంది. హెల్మెట్, మంచు కళ్లజోడు కొనండి, మిగతాదంతా అక్కడే. హెల్మెట్ మీద ఈఎన్ 1077 అని ఉందో లేదో చూసుకోండి. మోటారుసైకిల్ హెల్మెట్ తీసుకెళ్లిన మహానుభావుణ్ణి నేను కళ్లారా చూశాను.

గొంతేరు గట్టు
ఒక అనుమానం. గుల్‌మార్గ్‌లో గోండోలా (కేబుల్ కారు) ఎక్కి పైకి వెళ్తే వెడల్పు స్కీలు కావాలంటారు. అన్నయ్యవి మధ్యలో 102 మిల్లీమీటర్లట. అందుకైనా పనికొస్తాయా?

లంక కొబ్బరి
గోండోలా రెండు అంచెలు. మొదటిది కొంగ్‌దూరి దాకా, రెండోది అఫర్వాట్ వైపు 3,900 మీటర్ల పైకి. పైన వాలులను యంత్రంతో చదును చేయరు. లోతైన పొడిమంచు, మంచుచరియలు విరిగిపడే భయం. వెడల్పు స్కీలు మంచులో కూరుకుపోకుండా తేలేది అక్కడే. రెండోసారి వెళ్లేవారికి అక్కడ పని లేదు. మీరుండేది కింద మెల్లని వాలులో, అక్కడ మధ్య వెడల్పు 70 నుంచి 80 ఉన్న స్కీ తేలిగ్గా తిరుగుతుంది.

లేసు పద్మ
పైకి వెళ్లవద్దన్నదానికి నేనూ ఓటేస్తాను. బూట్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను. అద్దెకే తీసుకుంటే కనీసం సెంటీమీటర్ల కొలత చెప్పి అడగండి, డొప్పలో కాలు పెట్టి చూడనివ్వకపోతే పక్క దుకాణానికి వెళ్లండి.

గొంతేరు గట్టు
రాత్రి ముగ్గురమూ మడమ గోడకు ఆనించి, పాత పంచాంగం మీద నిలబడి గీతలు గీసుకున్నాం. నాది ఎడమ 26.1, కుడి 25.7. ఇన్నేళ్లుగా రెండూ ఒకటేననుకున్నాను. అన్నయ్యకు ఫోను చేస్తే బూటు మీద 28.5 అని ఉందన్నాడు. అక్కడితో మా ఆవిడ నవ్వు ఆగలేదు. స్కీలు, బూట్లు అద్దెకే. పద్మ గారు చెప్పిన డొప్ప పరీక్ష చేశాకే డబ్బులిస్తాం. చలికని ఉన్ని మేజోళ్లు మనిషికి రెండేసి జతలు కొన్నాం, ఒకదాని మీద ఒకటి వేసుకోవడానికి.

లేసు పద్మ
ఒకటే జత, తమ్ముడూ! పలచనిది, మోకాలి కింద దాకా వచ్చేది. రెండు వేస్తే ముడతలు పడి బొబ్బలు, నెత్తురు ఆడక ఇంకా చలి. ఆ రెండో జత సాయంత్రం బస గదిలో వేసుకోండి.